హామ్ రేడియోలో జనరల్ పాసయ్యాను, డేటాబేస్‌లో ఇంకా టెక్నీషియన్ అనే ఉంది. 20 మీటర్ల బ్యాండ్‌లో మాట్లాడొచ్చా?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా హామ్ రేడియోలో మొదటి తరగతి అయిన టెక్నీషియన్ లైసెన్స్ ఉంది. మొన్న శనివారం మా ఊరి లైబ్రరీలో పరీక్ష పెడితే వెళ్లి దాని పై తరగతి జనరల్ రాశాను, పాసయ్యాను. అదే ఫీజుతో అన్నిటికన్నా పైదైన ఎక్‌స్ట్రా కూడా రాయొచ్చన్నారని రాశాను గానీ, 50కి 35 దగ్గర ఆగిపోయాను. మా ఆవిడ కూడా వచ్చి టెక్నీషియన్ పాసయింది. ముగ్గురు పరీక్షకులు సంతకాలు పెట్టి ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చారు.

ఇవాళ బుధవారం. లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ డేటాబేస్‌లో నేనింకా టెక్నీషియన్‌నే. వైజాగ్‌లో మా బావమరిదికి వీయూ2తో మొదలయ్యే ఇండియా కాల్ సైన్ (రేడియోలో పిలుచుకునే గుర్తు) ఉంది. ఆదివారం మాకు పొద్దున, వాళ్లకి సాయంత్రం, 20 మీటర్ల బ్యాండ్‌లో 14.210 మెగాహెర్ట్జ్ దగ్గర కలుద్దామన్నాడు. క్లబ్బులో ఒకాయన డేటాబేస్ మారేదాకా మైకు ముట్టుకోవద్దంటున్నారు. ఇంకొకాయన ఏం ఫర్వాలేదు, కానివ్వమంటున్నారు. ఎవరి మాట వినాలి? తమ్ముడితో మాట్లాడాలని మా ఆవిడకీ ఆశగా ఉంది.

ఇంకొకటి. ఎక్‌స్ట్రా మళ్లీ రాయడానికి వచ్చే నెల ఫిలడెల్ఫియాలో వేరే సంస్థవాళ్లు పెట్టే పరీక్షకు వెళ్దామనుకుంటున్నాను. నేను జనరల్ పాసయ్యానని వాళ్లకెలా తెలుస్తుంది?

జవాబు (టెక్సస్ నుంచి)

శుభాకాంక్షలండీ! మీరు మాట్లాడొచ్చు. కాల్ సైన్ చివర "స్లాష్ ఏజీ" చేర్చండి, జనరల్ పాసై డేటాబేస్ మారడం కోసం ఆగుతున్నారని చెప్పే గుర్తు అది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. 14.210లో మాత్రం వద్దు. మేడమ్ గారు ఇంకొన్నాళ్లు ఆగాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. 14.210 ఎందుకొద్దు? కాగితం ఇద్దరిదీ ఒకలాంటిదే కదా, తనెందుకు ఆగాలి?

జవాబు (ఒహాయో నుంచి)

నేను కొన్నేళ్లుగా వాలంటీర్ ఎగ్జామినర్‌గా పరీక్షల దగ్గర కూర్చుంటున్నాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతిసారీ వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ చేతిలో ఉన్నదాన్ని సీఎస్‌సీఈ అంటారు. ఫలానా ఎలిమెంట్ (అంటే పరీక్ష పేపర్: 2 టెక్నీషియన్‌కు, 3 జనరల్‌కు, 4 ఎక్‌స్ట్రాకు) ఫలానా తేదీన పాసయ్యారని చెప్పే సర్టిఫికెట్ అది, అంతేగానీ లైసెన్స్ కాదు. దానితో రెండు పనులు జరుగుతాయి. మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు పాసైన ఎలిమెంట్ తిరిగి రాయనక్కర్లేకుండా చూస్తుంది. ఇంతకుముందే లైసెన్స్ ఉన్నవాళ్లకు కొత్త తరగతి హక్కులు వెంటనే వాడుకునే వీలిస్తుంది. రెండింటికీ గడువు పాసైన రోజు నుంచి 365 రోజులు. మీ క్లబ్బులో ఇద్దరూ చెరో సగం పట్టుకున్నారు. డేటాబేస్ మారేదాకా ఆగాలన్నది కొత్తగా లైసెన్స్ తీసుకునేవాళ్ల సంగతి. కానివ్వమన్నాయన మాట మీకు వర్తిస్తుంది గానీ, ఏజీ గురించి చెప్పకుండా వదిలేశారు.

ఎఫ్‌సీసీ నిబంధనలు పార్ట్ 97లో 97.9(బి) చదవండి, పెద్దదేం కాదు. లైసెన్స్ ఉన్న వ్యక్తి పై తరగతి పరీక్ష పాసై, అప్లికేషన్ పరీక్షకులకు సరిగ్గా అందించి, సీఎస్‌సీఈ దగ్గర ఉంచుకుంటే, ఆ అప్లికేషన్ సంగతి తేలేదాకా లేదా 365 రోజులు నిండేదాకా, ఏది ముందైతే అప్పటివరకు, పై తరగతి హక్కులు వాడుకోవచ్చు. అందులో "లైసెన్స్ ఉన్న వ్యక్తి" అన్న మాటే కీలకం. మీకు కాల్ సైన్ ఉంది, మేడమ్‌కి లేదు. ఆవిడ కాగితం పరీక్ష పాసైనట్టు రుజువే గానీ, కాల్ సైన్ డేటాబేస్‌లోకి ఎక్కేదాకా సొంతంగా ప్రసారం చేయకూడదు. ఆవిడ అప్లికేషన్‌కు 35 డాలర్లు కట్టమని ఎఫ్‌సీసీ నుంచి మెయిల్ వస్తుంది, 10 రోజుల్లో కట్టాలి. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండమనండి. మీ అప్‌గ్రేడ్‌కు ఆ ఫీజు లేదు.

మరి మీ పక్కన కూర్చుని తమ్ముడితో మాట్లాడొచ్చా అంటే, అదీ కుదరదు. లైసెన్స్ లేనివాళ్లు మీ రేడియోలో మీ పర్యవేక్షణలో మాట్లాడటాన్ని థర్డ్ పార్టీ అంటారు. అమెరికాలోని స్టేషన్లతో అయితే ఇబ్బంది లేదు. విదేశాలతో అయితే ఆ దేశంతో ఒప్పందం ఉండాలి, ఆ జాబితాలో ఇండియా లేదు. అక్కచేత తమ్ముడిని పలకరింపజేయాలని ఎవరికి ఉండదు చెప్పండి, కానీ ఈ ఆదివారానికి మీరొక్కరే మాట్లాడండి.

ఇక 14.210. మన దగ్గర 20 మీటర్ల బ్యాండ్‌ను తరగతులవారీగా ముక్కలు చేశారు. జనరల్‌కు మాటలు 14.225 నుంచి 14.350 దాకానే. అంతకు కిందిది జనరల్‌కు పై తరగతులైన అడ్వాన్స్‌డ్, ఎక్‌స్ట్రా వాళ్లది. ఇండియాలో వాళ్లకు ఇలాంటి గీతలు లేవు కాబట్టి మీ బావమరిదికి ఆ సంగతి తట్టి ఉండదు. 14.240 అని మెసేజ్ పెట్టండి. బ్యాండ్ పైకొస చివరిదాకా కూడా పోకండి. ఈ బ్యాండ్‌లో మాటలకు వాడే అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో గొంతు డయల్ చూపే అంకెకు పైన సుమారు 3 కిలోహెర్ట్జ్ దాకా పరుచుకుంటుంది. డయల్ 14.350 మీద ఉంటే మీ మాట అంతా బ్యాండ్ బయటే.

ఏజీ ఎప్పుడు పలకాలో కూడా చెబుతాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కొత్త హక్కు వాడుతున్నప్పుడు మాత్రమే. 2 మీటర్ల బ్యాండ్‌లో రిపీటర్ (సంకేతాన్ని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) మీదనో, 28.400లోనో ఉంటే అక్కర్లేదు, అవి టెక్నీషియన్‌గా ముందునుంచీ మీవే. 14.240లో మాత్రం కాల్ సైన్ చెప్పిన ప్రతిసారీ "స్లాష్ ఏజీ" అనండి. కనీసం 10 నిమిషాలకోసారి, ముగించేటప్పుడు మరోసారి చెప్పాలి. మన తెలుగువాళ్లు మరిచిపోయే ముక్క ఇంకోటుంది: కబుర్లు హాయిగా తెలుగులో చెప్పుకోండి, కాల్ సైన్ మాత్రం ఇంగ్లిషులోనే చెప్పాలి, నిబంధనలో అలాగే ఉంది. ఎక్‌స్ట్రా పాసయ్యాక ఇదే పద్ధతిలో ఏఈ అనాలి.

ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పొట్టి సందేశాలు పంపే పద్ధతి) చేసే అలవాటుంటే ఈ నాలుగు రోజులు మాటలతోనే సరిపెట్టుకోండి. స్లాష్ ఏజీ ఉన్న కాల్ సైన్‌తో సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) పిలిస్తే, మీరున్న చోటు చెప్పే గ్రిడ్ లొకేటర్‌కు ఆ సందేశంలో చోటుండదు.

ఫిలడెల్ఫియా సంగతి. పరీక్ష ఎవరు పెట్టినా ఎలిమెంట్ అదే. ఒక సంస్థ కింద ఇచ్చిన సీఎస్‌సీఈ మరో సంస్థ పరీక్షలోనూ చెల్లుతుంది. అప్పటికి డేటాబేస్‌లో జనరల్ అని వచ్చేస్తే ఆ లైసెన్సే మీ రుజువు, ఎలిమెంట్ 3కి ఇక 365 రోజుల లెక్కే ఉండదు. రాకపోతే అసలు సీఎస్‌సీఈ, దాని జిరాక్స్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, ఎఫ్‌ఆర్‌ఎన్ (ఎఫ్‌సీసీలో మీ నమోదు నంబర్) తీసుకెళ్లండి. ఎలిమెంట్ 4లో 50కి 37 రావాలి, మీరు రెండే తక్కువ. చదివింది మనసులో ఉండగానే రాసేయండి.

చివరిగా ఒక మాట. కాగితం చేతికొచ్చిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. నేను జనరల్ పాసైంది 2018 డిసెంబర్ చివర్లో. వెంటనే ప్రభుత్వ షట్‌డౌన్, 2019 జనవరి 3 నుంచి ఎఫ్‌సీసీ చాలా పనులు ఆపేసింది. వారాలపాటు డేటాబేస్‌లో టెక్నీషియన్‌గానే ఉండిపోయాను. ఆ రోజులన్నీ ఈ కాగితం ఆధారంగానే స్లాష్ ఏజీ అంటూ 40 మీటర్లలో మాట్లాడాను. నాతోపాటు మొదటి లైసెన్స్ కోసం రాసిన కుర్రాడు మాత్రం రేడియో కొనుక్కుని కూడా వింటూ కూర్చోవాల్సి వచ్చింది. వాడి మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ప్రశ్న (కాలిఫోర్నియా నుంచి ఇంకొకరు)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను హైదరాబాద్‌లో పరీక్ష రాసి వీయూ3 కాల్ సైన్‌తో ఇండియా లైసెన్స్ తీసుకున్నాను, హెచ్1బీ మీద వచ్చి ఏడాదైంది. దానికి ఇక్కడేమైనా క్రెడిట్ ఉంటుందా?

జవాబు (ఒహాయో నుంచి)

పరీక్ష క్రెడిట్ ఉండదండీ. 97.505లో ఉన్న జాబితా అంతా ఎఫ్‌సీసీ ఇచ్చిన లైసెన్సులదీ, సీఎస్‌సీఈలదీ. ఎలిమెంట్ 2 నుంచి మొదలుపెట్టాలి, 35 ప్రశ్నలకు 26 రావాలి. సిద్ధాంతం మీకు వచ్చినదే, నిబంధనలూ బ్యాండ్ ప్లానూ కొత్తగా చదవాలి. ఇక్కడి పౌరసత్వం అక్కర్లేదు, వీసా అడ్డం కాదు, ఉత్తరాలు అందే అమెరికా చిరునామా ఉండాలి. ఒకే రోజు ఎలిమెంట్ 3 కూడా రాయండి. ఒకవేళ 3 పాసై 2 తప్పినా బెంగ వద్దు, 3కి సీఎస్‌సీఈ ఇస్తారు, 365 రోజుల్లోపు 2 పూర్తి చేస్తే నేరుగా జనరల్ వస్తుంది.

జవాబు (టెక్సస్ నుంచి)

పనిలో పనిగా, ఇక్కడ పాత లైసెన్స్ వదిలేసినవాళ్లెవరైనా చదువుతుంటే: గడువు దాటి రెండేళ్లలోపైతే పరీక్ష లేకుండా రెన్యూ చేసుకోవచ్చు. అంతకు మించితే పాత జనరల్‌కు ఎలిమెంట్ 3, పాత ఎక్‌స్ట్రాకు 3, 4 క్రెడిట్ ఇస్తారు, ఎలిమెంట్ 2 మాత్రం మళ్లీ రాయాలి. పాత లైసెన్స్ కాపీ వెతికి పట్టుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు (మంగళవారం)

ఆదివారం 14.240లో మాట్లాడామండీ! బలహీనంగానే వినిపించాడు, మధ్యమధ్యలో మాయమయ్యాడు, అయినా 11 నిమిషాలు నడిచింది. మా ఆవిడ పక్కనే కూర్చుని వింది. నేను ప్రతిసారీ ఏజీ అంటుంటే "అదేంటి బావా, ఇంటిపేరు మార్చావా?" అన్నాడు. ఈరోజు పొద్దున చూస్తే డేటాబేస్‌లో జనరల్ అని వచ్చేసింది. ఇక ఏజీ మానేయొచ్చా?

జవాబు (ఒహాయో నుంచి)

మానేయండి. డేటాబేస్‌లో మారాక అది అనకూడదు కూడా, మీ కాల్ సైన్ మాత్రం చెబితే చాలు. పోస్టులో లైసెన్స్ వస్తుందని ఎదురుచూడకండి, 2015 ఫిబ్రవరి నుంచి మామూలుగా కాగితం పంపడం లేదు. సైట్‌లోంచి అధికారిక కాపీ దించుకుని ఫిలడెల్ఫియాకు అదే తీసుకెళ్లండి. మేడమ్‌కి ఫీజు మెయిల్ వచ్చిందా?

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి స్పామ్‌లో దొరికింది. అప్పుడే కట్టేశాం.