టాంగో పాటల్లో ఎప్పుడూ అమ్మే ఎందుకు ఏడుస్తుంది?

పాటలపిచ్చి:
టాంగో అంటే డాన్సే అనుకునేవాణ్ని, ఈమధ్య సబ్‌టైటిల్స్ పెట్టుకుని అర్జెంటీనా టాంగో గాయకుడు కార్లోస్ గార్డెల్ పాటలు వింటుంటే ఎక్కడ చూసినా తల్లి ఏడుస్తూనే ఉంది. 'సిలెన్సియో'లో అయితే వర్క్‌షాపుకెళ్లే అయిదుగురు కొడుకులూ ఫ్రాన్స్ యుద్ధంలో పోయి ముసలామెకి అయిదు మెడల్స్ మిగుల్తాయి. ఇదంతా సెంటిమెంట్ పండుతుందని రాసిందా, లేక అప్పటి బతుకులే అలా ఉండేవా?

రేవుగాలి:
రెండూ. 1914 జనాభా లెక్కల్లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్ జనంలో దాదాపు సగం మంది బయటి దేశాల్లో పుట్టినవాళ్లే, ఎక్కువగా ఇటలీ, స్పెయిన్ వాళ్లు, చాలామంది ఒంటరి మగాళ్లు, కాన్వెంటిల్యో అనే ఇరుకు ఇళ్లలో ఒక్కో గదిలో సర్దుకుని బతికేవాళ్లు. అమ్మ ఎక్కడో సముద్రం అవతల, ఇంక పాటలో అమ్మ రాకపోతే ఎవరొస్తారు చెప్పు.

పాతరికార్డు:
అమ్మ ఒక్కటే చూస్తే అసలుది మిస్సవుతావ్. 1929 మాంద్యం తర్వాత, 1930 సెప్టెంబర్‌లో మిలిటరీ గద్దెనెక్కాక పాటలు చూడు. సెలెడోనియో ఫ్లోరెస్ రాసిన 'పాన్'లో పిల్లలు బిస్కెట్లు, బొమ్మలు అడగట్లేదు, రొట్టె కోసం ఏడుస్తున్నారు, పని లేదు, పని చేయగలిగినోణ్ని అడుక్కోవడమేంటి అనుకుని ఆ తండ్రి అద్దం పగలగొట్టి రొట్టె ఎత్తుకెళ్లి జైలుపాలవుతాడు. 'అల్ పియె దె లా సాంతా క్రూస్' ఇంకా ఘాటు, అందులో సమ్మె చేసిన కార్మికుణ్ని కాళ్లకి సంకెళ్లేసి ఓడెక్కిస్తుంటే భార్య చంకలో ఉన్న పిల్లాడు నాన్న కావాలని ఏడుస్తాడు. అదేం ఉత్త కల్పన కాదు, దేశం దక్షిణపు కొసన ఉషువాయాలో నిజంగానే జైలుండేది, 1947లో మూసేశారు. ఇలాంటివి రాసినోళ్లని ఉత్త ఏడుపుగొట్టు కవులంటే నేనొప్పుకోను.

చివరిబెంచి:
ఒప్పుకున్నా కానీ అన్నా, మరీ నెత్తిన పెట్టుకోకండి. 1917లో గార్డెల్ పాడిన 'మి నోచె త్రిస్తె' దగ్గర్నుంచి అదే వరస, వదిలేసి వెళ్లిన ఆడది పాపిష్టిది, కన్నతల్లి దేవత, ఆ వెళ్లినావిడ వైపు కథ ఎవడూ అడగడు. నాకు నచ్చింది తండ్రి మీద వచ్చిన 'జుసెప్పె ఎల్ సపాతెరో' (1930). ఇటలీ నుంచొచ్చిన చెప్పులు కుట్టే ముసలాయన, భార్య లేదు, రాత్రీపగలూ కష్టపడి కొడుకుని డాక్టర్ని చేసి క్లినిక్ కూడా పెట్టిస్తే వాడు డబ్బున్న పిల్లని చేసుకుంటాడు, ఈయన మళ్లీ సుత్తి పట్టుకుంటాడు. చావుల్లేవు, యుద్ధం లేదు, పైకి చూస్తే కొడుకు బాగుపడ్డాడు కూడా.

పాటలపిచ్చి:
జుసెప్పె ఇప్పుడే విన్నా, ట్యూన్ అంత హుషారుగా పెట్టి ఇలా కొట్టారేంటయ్యా. గార్డెల్‌వి కాకుండా తర్వాతి కాలంలో ఇట్లాంటివేమైనా ఉంటే పేర్లు చెప్పండి.