బీటా బిల్డ్‌లో ప్రొఫైలింగ్ (ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోతోందో కొలవడం) ఆన్‌లో ఉంచాలా?

స్టాక్‌పిచ్చోడు: వచ్చే బీటా నుంచి ఫ్రేమ్ పాయింటర్లతో, అంటే ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో వెనక్కి పట్టుకునే గుర్తులతో, కంపైల్ చేద్దామంటాను. ఎవరైనా నెమ్మదించిందంటే పెర్ఫ్‌తో (లైనక్స్ ప్రొఫైలర్) చూడాలి కదా. ఇప్పుడు సగం కాల్ స్టాకులు (ఆ పిలుపుల వరసలు) మధ్యలోనే తెగిపోతున్నాయి.

రిజిస్టర్‌రాజు: ఊరికే రాదండీ అది. ప్రతి ఫంక్షన్‌కీ అదనపు ఇన్‌స్ట్రక్షన్లు, పైగా సీపీయూలో ఒక రిజిస్టర్ (అతి వేగంగా అందే చిన్న నిల్వ) పోతుంది. లైనక్స్ పంపిణీ ఫెడోరా 38లో ఇదే పెట్టాలన్న ప్రతిపాదనలోనే పైథాన్‌కి 1 నుంచి 10 శాతం దెబ్బ అని రాసుకున్నారు.

స్టాక్‌పిచ్చోడు: అందులోనే కెర్నల్ కంపైల్ చేయడానికి 2.4 శాతం, 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌కి 2 శాతం అనీ ఉంది. అవి మీకు కనబడవు. చివరికి ఆమోదించారు కూడా. తర్వాత ఇంకో లైనక్స్ పంపిణీ ఉబుంటు 24.04 అదే దారి పట్టింది.

రిజిస్టర్‌రాజు: వాళ్లు చేస్తే మనమూ చేయాలా? పైథాన్‌కి పడే ఆ 10 శాతం సంగతి చెప్పండి.

చూసిపోదాం: డ్వార్ఫ్‌తో (కంపైలర్ రాసే డీబగ్ సమాచారంతో) స్టాక్‌ని అన్‌వైండ్ చేస్తే, అంటే వెనక్కి విప్పితే, సరిపోదా?

స్టాక్‌పిచ్చోడు: అలా చేస్తే పెర్ఫ్ ఒక్కో శాంపిల్‌కి మామూలుగా 8 కేబీ స్టాక్ కాపీ చేస్తుంది. స్టాక్ అంతకంటే లోతుగా ఉంటే అక్కడితో సరి. ఫైళ్లు చూస్తే కొండలు.

బీటాబాధితుడు: నాదొక గోడు. వేరే సాఫ్ట్‌వేర్ బీటాలో వెతుకులాట నత్తనడక నడుస్తోందని రిపోర్ట్ పెడితే, "ప్రొఫైలింగ్ బిల్డ్ కదా, రిలీజ్‌లో సర్దుకుంటుంది" అని మూసేశారు. రిలీజ్ వచ్చింది, తేడా ఏమీ లేదు.

స్టాక్‌పిచ్చోడు: అది జీప్రాఫ్ (పాత ప్రొఫైలర్) తరహా బిల్డ్ అయ్యుంటుంది. ప్రతి ఫంక్షన్ ఎంట్రీలో ఎంకౌంట్ అనే లెక్కింపు ఫంక్షన్‌ని పిలుస్తుంది, చిన్న ఫంక్షన్లకి ఆ భారమే ఎక్కువ. నేనడుగుతున్నది అది కాదు మొర్రో!

బీటాబాధితుడు: వాడేవాడికి ఏదైతేనేం? మీకు సాకు దొరికింది, నా రిపోర్ట్ పోయింది.

రిజిస్టర్‌రాజు: సూటిగా అడుగుతున్నా. ఫ్రేమ్ పాయింటర్లని రిలీజ్‌లో తీసేస్తారా, ఉంచేస్తారా?

స్టాక్‌పిచ్చోడు: ...ఉంచాలి. తీసేస్తే బీటాలో కొలిచింది ఒకటి, జనానికి ఇచ్చేది ఇంకొకటి. ఈయన కష్టం అదేగా!

రిజిస్టర్‌రాజు: అలా రండి దారికి! బీటా పేరు చెప్పి రిలీజ్‌కే ఎసరు పెట్టారన్నమాట. మీ డీబగ్గింగ్ సుఖానికి వాడేవాళ్లందరూ సీపీయూ ధారపోయాలా?

స్టాక్‌పిచ్చోడు: స్టాక్ కనబడితే 2 శాతం కాదు, అంతకు పదింతలు తిరిగి తెస్తాం.

రిజిస్టర్‌రాజు: తెచ్చాక మాట్లాడండి. ముందు మన ఇంటర్‌ప్రెటర్ లూప్ (ఆదేశాలను ఒక్కొక్కటిగా నడిపే భాగం) మీద రెండు బిల్డులూ నడిపి అంకెలు ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా నా ఓటు లేదు.

బీటాబాధితుడు: ఏ బిల్డ్ అయినా సరే, నెమ్మదని చెబితే మూసేయకుండా ఉంటారా? దానికి ఎవరూ జవాబివ్వలేదు.