పాటల బాధ్యత చేజారిన తరువాత: వినమ్రత అంటే నన్ను నేను తక్కువ చేసుకోవడమేనా?

ప్రశ్న (గుణుపురం నుండి)
క్రీస్తునందు ప్రియ సహోదరీ సహోదరులకు వందనములు. వంశధార ఒడ్డున ఉన్న మా ఊరి దేవాలయంలో పందొమ్మిదేళ్లు హార్మోనియం వాయిస్తూ దివ్యపూజలో పాటలు నడిపించాను. ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్కాలం నుండి పూజ ఎక్కువగా ఒడియాలో జరుగుతున్నందున ఆ బాధ్యతను ఒక ఒడియా యువకునికి అప్పగించారు. అది సబబేనని నా బుద్ధికి తెలుసు. అయినా అతడు శ్రుతి తప్పినప్పుడల్లా నాలో కలుగుతున్న తృప్తిని చూసి నాకే భయం వేస్తున్నది. ప్రతి రాత్రి జపమాల ముగిశాక "నేను దేనికీ పనికిరాను" అని ప్రార్థిస్తున్నాను కాని శాంతి కలగడం లేదు, మునుపటి ఆనందమూ లేదు. బృందం నుండి పూర్తిగా తప్పుకుందామా అని ఆలోచిస్తున్నాను.

సమాధానం (పర్లాకిమిడి నుండి, విశ్రాంత ఉపాధ్యాయిని)
అన్నగారూ, ఆ ప్రార్థనను ఈ రాత్రి నుండే మానండి. దేవుడు సత్యస్వరూపుడు కనుక వినమ్రత అంటే సత్యంలో నడవడమేనని స్పెయిన్ దేశపు మఠకన్య అయిన ఆవిలాపురి పునీత తెరేజమ్మ 1577లో వ్రాసిన గ్రంథంలో బోధించారు. మీకు పాట వచ్చు. రాదనడం సత్యం కాదు. ఆ పాట మీ సొంతం కాదన్నది కూడా అంతే సత్యం. మరియమాత తన దీనస్థితిని ఒప్పుకున్న గీతంలోనే తరతరాలవారు తనను ధన్యురాలని పిలుస్తారని కూడా పలికింది కదా!

1897లో ఇరవై నాలుగేళ్లకే క్షయతో మరణించిన, ఫ్రాన్సుకు చెందిన మరో పునీత చిన్న తెరేజమ్మ ధ్యాన సమయంలో, వెనుక కూర్చున్న ఒక మఠకన్య ఏదో చిరాకు పుట్టించే చప్పుడు చేస్తూ ఉండేదట. వెనుదిరిగి చూడాలన్న కోరికను చెమటలు పట్టేంతగా అణచుకుని, చివరికి ఆ చప్పుడునే చక్కని సంగీతంగా వినడానికి ప్రయత్నించి, దానినే యేసుకు అర్పించింది. అతని శ్రుతి తప్పిన క్షణాన్ని మీరూ అలా అర్పించవచ్చు.

సమాధానం (బరంపురం నుండి)
తప్పుకోవాలన్న నిర్ణయం ఇప్పుడు తీసుకోకండి. మనసు ఎండిపోయి చీకటిగా ఉన్న కాలంలో, అంతకుముందు వెలుగులో చేసుకున్న తీర్మానాన్ని మార్చుకోరాదన్నది యేసుసభ స్థాపకుడైన పునీత లొయోలా ఇగ్నేషియస్ ఇచ్చిన స్పష్టమైన నియమం. 1521లో పాంప్లోనా కోట వద్ద ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన ఉన్నప్పుడు, వీరగాథల తలపులు అప్పటికి మురిపించి తరువాత వెలితిని మిగులుస్తున్నాయని, పునీతుల బాటలో నడవాలన్న తలపులు మాత్రం వెళ్లిపోయిన తరువాత కూడా ఆనందాన్ని నిలుపుతున్నాయని ఆయన గమనించారు. రాత్రి ఆత్మశోధనలో మీరు చూడవలసింది కూడా అదే. ముందు ఆ రోజుకు కృతజ్ఞత చెప్పి, వెలుగును అడిగి, ఆ తరువాతే రోజును నెమరువేయండి. నిందతో మొదలుపెడితే మీ చూపంతా మీ మీదనే ఉండిపోతుంది. నా అనుభవంలో అది కూడా ఒక రకమైన అహమే.

సమాధానం (రాయగడ నుండి)
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒకటి చెప్పాలి. ఒడియా రాని మీ ఊరి తెలుగు వృద్ధులకు ఒక్క పాటైనా అర్థం కావాలని అడగడం గర్వం కాదు. పూజలో మాతృభాషకు మరింత చోటివ్వవచ్చని కతోలిక పీఠాధిపతుల రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. మీ అసూయను పాపసంకీర్తనంలో, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకునే సంస్కారంలో చెప్పండి, పాట సంగతిని మీ దేవాలయ గురువుగారితో విడిగా మాట్లాడండి. ఆ రెండింటినీ కలపకండి.

ప్రశ్న అడిగినవారు
శనివారం పాపసంకీర్తనం చేశాను. గురువుగారు కానుకల సమయంలో ఒక తెలుగు పాటకు అంగీకరించారు. నన్నే పాడమన్నారు, కాని ఆ అబ్బాయి నేర్చుకుంటానని అడిగినందున పాట మొత్తాన్ని ఒడియా లిపిలో వ్రాసి ఇచ్చాను. 'ళ' పలకడం అతనికి ముందే వచ్చు. 'చ'కారం దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు కూర్చున్నాము.