కొత్తగా ఎమర్జెన్సీ కాల్ టేకర్‌గా చేరాను. ఏడ్చేవాళ్ళ దగ్గర అడ్రసు రాబట్టేదెలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక అంబులెన్సు కాల్ సెంటర్లో చేరాను, మూడు వారాలైంది. ఇప్పుడు సీనియర్ పక్కన కూర్చుంటే లైవ్ కాల్స్ తీసుకుంటున్నాను. వచ్చే వారం నుంచి ఒక్కదాన్నే. టైపింగ్‌తో ఇబ్బంది లేదు, స్క్రీన్ కూడా అలవాటైంది. నిన్న ఒకామె "నా కొడుకు, నా కొడుకు" అని ఏడుస్తూనే ఉంది. నేను ఊరి పేరు అడుగుతూనే ఉన్నాను. చివరికి ఫోన్ పెట్టేసింది. తిరిగి చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తి ఊరు చెప్పాడు. మధ్యలో పోయిన ఆ నిమిషం రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి: ముందు ఏం అడగాలి, ఎలా అడగాలి? బూతులు తిట్టేవాళ్ళతో ఏం చేయాలి?

జవాబు (కాల్ టేకర్, ఆరేళ్ళ నుంచి)

చెల్లీ, నిద్ర పట్టలేదంటే ఆ నిమిషం విలువ నీకు తెలిసినట్టే. ఆమె ఫోన్ పెట్టేస్తే వెంటనే తిరిగి చేశావు చూడు, చేయాల్సింది అదే.

ముందు ఎక్కడ, ఆ తర్వాతే ఏమైంది. కాల్ మధ్యలో తెగినా ఊరు తెలిస్తే బండి కదులుతుంది. జబ్బు మొత్తం తెలిసి ఊరు తెలియకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. నంబరు స్క్రీన్ మీద పడుతుంది కదా అనుకోకు. టవర్ లొకేషన్ వచ్చినా అది ఏరియా చెప్తుంది గానీ ఇల్లు చెప్పదు.

ఏడ్చేవాళ్ళని "ఏడవకండి" అనొద్దు. అది వాళ్ళ చేతిలో లేదు. "అమ్మా, బండి పంపిస్తున్నా. ఏ ఊరికి పంపాలి?" అని అడుగు. జవాబు రాకపోతే అవే మాటలు, అదే గొంతుతో మళ్ళీ అడుగు. మాట మార్చకు, గొంతు పెంచకు. మూడోసారికో నాలుగోసారికో ఆ మాట లోపలికి వెళ్తుంది. అప్పటికీ కాకపోతే "పక్కన ఎవరున్నారమ్మా, వాళ్ళకివ్వండి" అను.

ఊరు చెప్పగానే మండలం అడుగు. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. మొదటి నెలలో ఒకాయన "రామాపురం" అన్నాడు. లిస్టులో పైన కనబడిన రామాపురాన్ని నొక్కేశాను. అది పక్క జిల్లాది. పైలట్ (మన అంబులెన్సు డ్రైవరు) దారి కోసం ఆయనకు ఫోన్ చేస్తే బయటపడింది. ఆ రోజు పేషెంటుకి ఏమీ కాలేదు. అయినా ఇప్పటికీ రామాపురం, కొత్తపల్లి, వెంకటాపురం అని వింటే నా వేలు మౌస్ మీద ఆగిపోతుంది. మండలం తెలియదంటే "మీకు దగ్గర్లో బస్టాండున్న ఊరేది?" అని అడుగు, చెప్తారు.

ఇక అసలు సంగతి. నీ స్క్రీన్ మీద ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి, మనవాళ్ళు చెప్పేది మన మాటల్లో. ట్రైనింగ్‌లో ఇది ఎవరూ పూర్తిగా చెప్పలేరు, అందుకే వివరంగా రాస్తున్నా.

"మందు తాగిండు" అంటే సారా కావచ్చు, పురుగుల మందు కావచ్చు, గడ్డి మందు కావచ్చు. ఊహించకు, "ఏం మందు?" అని అడుగు. పొలం మందైతే వాంతి చేయించొద్దని, ఉప్పునీళ్ళు పట్టొద్దని చెప్పు. మందు పడ్డ బట్టలు తీసేయమను. డబ్బా బండిలో వేసి పంపమను, ఆస్పత్రిలో డాక్టరు ముందు అడిగేది అదే.

"పురుగు ముట్టింది" అంటే చాలా పల్లెల్లో పాము కరిచిందని. రాత్రిపూట పాము పేరెత్తరు. కొత్తగా వచ్చిన సిటీ పిల్లలు దాన్ని ఏదో కీటకం కింద రాసేస్తారు. తాడు గట్టిగా కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలో చెయ్యో కదలకుండా పడుకోబెట్టి ఉంచాలి. మంత్రం వేసే మనిషి దగ్గరికి తీసుకెళ్తున్నామంటే వాదించకు. "బండి వచ్చేసింది, ముందు సూది వేయిద్దాం" అను.

"నొప్పులు వస్తున్నయి" అంటే కాన్పు. "దమ్ము వస్తుంది" అంటే ఆయాసం. "పడిపోయిండు" అంటే చెట్టు మీద నుంచి పడ్డాడో, నిలబడ్డ చోట కూలిపోయాడో అడగాలి, రెండూ వేరు.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది "ఊపిరి ఉంది, గురక పెడుతున్నడు" అన్న మాట. స్పృహ లేని మనిషి ఆగి ఆగి గురక పెడుతున్నాడంటే అది నిద్ర కాదు, గుండె ఆగిన మనిషి కావచ్చు. రెండే ప్రశ్నలు: పిలిస్తే పలుకుతున్నాడా? ఊపిరి మామూలుగా ఉందా? రెండిటికీ లేదంటే ఫోన్ స్పీకర్లో పెట్టించి, మనిషిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టించు. ఛాతీ మధ్యలో అరచేయి మడమ (మణికట్టు దగ్గరి భాగం) పెట్టి 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కించాలి. "నాతో పాటు లెక్కపెట్టు తమ్ముడూ, ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని నువ్వే వేగం ఇవ్వు. బండిలో వచ్చే ఈఎంటీ (అత్యవసర వైద్యం చేసే మనిషి) చెయ్యి వేసేదాకా ఆపనివ్వకు.

బూతుల గురించి: తిట్టేవాడి ఇంట్లో మనిషి ప్రాణం పోతుండొచ్చు. ఒక్కమాట కూడా నీ మీద వేసుకోకు, నీ ప్రశ్న నువ్వు అడుగు. ఆకతాయి కాల్స్‌కి మీ సెంటర్ రూల్ ఏముందో అదే పాటించు. మౌనంగా ఉన్న కాల్‌ని మాత్రం తొందరపడి కట్ చేయకు. వెనక శబ్దం విను. "మాట్లాడలేకపోతే అవును, కాదు అని చాలు" అను.

జవాబు (డిస్పాచర్)

అక్క చెప్పిందానికి నా సీటు నుంచి కొంత కలుపుతాను. మీరు రాసిన రెండు లైన్లు చదివే నేను బండిని కదుపుతాను. కాబట్టి ఊరితో పాటు గుర్తు రాయండి: బొడ్రాయి, వాటర్ ట్యాంకు, పోచమ్మ గుడి, స్కూలు గోడ. "బావి కాడ ఉన్నం" అంటే ఇంటి బావి కాదు, పొలం. మట్టి రోడ్డా, బండి లోపలికి వస్తుందా అని అప్పుడే అడిగి రాయండి. రాత్రయితే సెల్ టార్చి పట్టుకుని ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీద నిలబడమనండి. దీనివల్ల కలిసొచ్చినంత టైం ఇంకే సాఫ్ట్‌వేర్ వల్లా కలిసి రాలేదు నాకు.

హైవే కాల్ అయితే ఏ వైపు వెళ్ళే రోడ్డు అనేది తప్పనిసరి. నేషనల్ హైవే 65 మీద యాక్సిడెంట్ అంటే చాలదు, హైదరాబాద్ వైపా, విజయవాడ వైపా? కిలోమీటరు రాయి మీద నంబరు చదవమనండి. డివైడర్‌కి అవతలి వైపు పంపితే యూటర్న్ కోసం ఎంత దూరం పోవాలో మీకూ తెలుసు.

మ్యాప్‌లో దగ్గరున్న బండే దగ్గర అనుకోవద్దు. కోనసీమ లంకల్లో అవతలి గట్టు మీద బండి కళ్ళకి కనిపిస్తుంటుంది, రావాలంటే వంతెన చుట్టి రావాలి. పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని గూడేల నుంచి డోలీ మీద మోసుకొస్తారు. అక్కడ రోడ్డు మీదికి ఎక్కడికి తెస్తున్నారో అడగాలి.

ఇంకొకటి. రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్ళ కోసం ఫోన్ చేసేవాళ్ళు "పోలీసు కేసులో ఇరుక్కుంటామా" అని భయపడి పేరు చెప్పరు. పేరు చెప్పక్కర్లేదనండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ ఇలాంటివాళ్ళకి రక్షణ ఇస్తుంది. ఆ మాట వినగానే చాలామంది లైన్లో ఉంటారు.

జవాబు (అంబులెన్సు ఈఎంటీ)

మేడమ్, ఒక్క విన్నపం. పేషెంటు మనుషులకి "ఐదు నిమిషాల్లో వస్తుంది" అని చెప్పకండి. "బయల్దేరింది, డ్రైవరు ఫోన్ చేస్తాడు" అనండి చాలు. ఆరో నిమిషంలో దిగేసరికి ఊరంతా మా మీదికొచ్చిన రోజులున్నాయి.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత)

అక్కా, అన్నా, అందరికీ దండాలు. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని డ్యూటీకి తీసుకెళ్తున్నాను. మొన్న రాత్రి రెండింటికి ఒక పెద్దమ్మ కాల్. "బిడ్డా, మా పిలగాడు మందు తాగిండు."

"ఏం మందు పెద్దమ్మా?"

"గడ్డి మందే బిడ్డా, చేనుకు తెచ్చింది."

ఊరు, మండలం, రామాలయం పక్క సందు. అన్నీ ఆమే చెప్పింది. నేను మాత్రం "బండి పంపిస్తున్నా" అనే మాట వదల్లేదు. డాక్టరు గారిని లైన్లో కలిపాను. డబ్బా పంపమన్నాను. బండి వచ్చేదాకా ఆమె లైన్లోనే ఉంది, సైరన్ నాకు ఫోన్లో వినిపించింది. అంతటితో కాల్ కట్ అయింది. ఆ పిల్లాడు ఎలా ఉన్నాడో అడగొచ్చా? అడిగితే తప్పనుకుంటారా?

జవాబు (కాల్ టేకర్, ఆరేళ్ళ నుంచి)

తప్పేం లేదు. 108లో 48 గంటల తర్వాత పేషెంటు ఎలా ఉన్నారో కనుక్కునే ఫాలోఅప్ ఉంటుంది. మీ దగ్గరా అలాంటిది ఉంటే కేసు ఐడీ ఇచ్చి సూపర్‌వైజర్ని అడుగు. అన్ని కేసులకీ అడగకు, మోయలేవు. మనసులో నుంచి పోనిదానికి మాత్రం అడుగు. ఏ జవాబు వచ్చినా వినే ధైర్యం ఉన్న రోజే అడుగు. గడ్డి మందులో కొన్ని రకాలు చాలా చెడ్డవి, మొదటి రోజు బాగానే ఉన్నట్టు కనిపిస్తారు.

అలాంటి కాల్ అయ్యాక వెంటనే ఇంకో కాల్ ఎత్తకు. ఐదు నిమిషాలు బ్రేక్ అడిగి లాగవుట్ అయ్యి, బయట నిలబడి నీళ్ళు తాగు. రోజుల తరబడి వెంటాడితే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు. నేనూ చేశాను. రేపు నైట్ డ్యూటీ అయితే మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకో.