ఉగాది సాయంత్రం: మిహావ్ ఉర్బానియాక్ అరగంట, ఎవరెవరు ఏమేం చూస్తున్నారు?

కల్చరల్ కమిటీ:
అందరికీ నమస్కారం. ఈసారి వార్సాలో మన ఉగాదికి పోలిష్ ఇరుగుపొరుగుని కూడా పిలుస్తున్నాం కదా, పంచాంగ శ్రవణం అయ్యాక ఒక అరగంట వాళ్ళ సంగీతానికి ఇద్దామని మీటింగ్‌లో అనుకున్నాం. జాజ్ శాక్సోఫోన్, వయొలిన్ వాద్యకారుడు మిహావ్ ఉర్బానియాక్ కథ చెప్దామన్నది ఖాయం. స్క్రిప్ట్ నేనే రాస్తున్నాను. హాల్లో పోలిష్ పెద్దవాళ్ళకి ఈయన సంగతి మనకంటే బాగా తెలుసు, అందుకని "ప్రపంచ ప్రఖ్యాత", "సంగీత శిఖరం" లాంటివి రాయను. ఆయన దేశం వదిలింది రెండుసార్లు. మొదటిసారి శాక్సోఫోన్‌తో, రెండోసారి వయొలిన్‌తో. మన అరగంటంతా ఈ రెండు ప్రయాణాల మీదే నడుస్తుంది.

యాంకర్:
అన్నా, అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌తో మొదలుపెడితే? మనవాళ్ళకి తెలిసిన పేరు అదొక్కటే. కుర్రాళ్ళు ఫోన్లు పక్కన పెడతారు.

కల్చరల్ కమిటీ:
వద్దమ్మా. 1986లో వచ్చిన మైల్స్ ఆల్బమ్ "టూటూ"లో ఒక పాటకి ఈయన ఎలక్ట్రిక్ వయొలిన్ వాయించాడు, అంతే. పెద్ద గౌరవమే, కాదనను. కానీ దాంతో మొదలుపెడితే అమెరికా వాళ్ళు మెచ్చుకున్నారు కాబట్టి గొప్పవాడు అన్నట్టు ఉంటుంది. అది చెప్పడానికి వార్సాలో వీళ్ళని పిలవక్కర్లేదు. చివర్లో ఒక్క నిమిషం ఇద్దాం.

నువ్వు చదవాల్సిన భాగం ఇది, చిత్తుప్రతి:

"1943లో వార్సాలో పుట్టి, వూచ్ నగరంలో పెరిగాడు. నేర్చుకున్నది వయొలిన్. 1961లో వార్సాకి వచ్చి తదేయుష్ వ్రోన్‌స్కి దగ్గర శాస్త్రీయ వయొలిన్ క్లాసులో చేరాడు. శాక్సోఫోన్ మాత్రం ఎవరూ నేర్పలేదు, సొంతంగా పట్టేశాడు. అదే ఏడాది నామిస్వోవ్‌స్కి బృందంతో వార్సా జాజ్ ఉత్సవం జాజ్ జాంబొరీలో వాయించాడు. మరుసటి ఏడాది ఆంజెయ్ త్షస్కోవ్‌స్కి బృందంతో అమెరికా వెళ్ళాడు. న్యూపోర్ట్, షికాగో, వాషింగ్టన్, న్యూయార్క్. అప్పటికి వయసు 19.

తిరిగొచ్చాక పియానో వాద్యకారుడు క్షిస్తోఫ్ కొమెడా క్వింటెట్‌లో, అంటే ఐదుగురి బృందంలో చేరాడు. వాళ్ళతో స్కాండినేవియా వెళ్ళాడు. కాంట్రాక్టు అయిపోయినా ఆయన అక్కడే ఉండిపోయి, గాయని ఉర్షులా దుజ్యాక్, ఆర్గన్ వాయించే వోయ్‌చెఖ్ కరోలాక్‌లతో సొంత బృందం పెట్టుకున్నాడు. 1969 దాకా అక్కడే."

ఈ చివరి పేరా నెమ్మదిగా చదువు, దేశం వదిలిన మొదటిసారి ఇదే. కాంట్రాక్టు మీద వెళ్ళి, అయిపోయినా ఉండిపోవడమంటే ఏంటో మన హాల్లో కూర్చున్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో పోలండ్‌లో పాస్‌పోర్ట్ మన జేబులో ఉండేది కాదు. ప్రయాణం అయ్యాక సర్కారుకి తిరిగి అప్పజెప్పాల్సిందే.

యాంకర్:
సరే అన్నా, కన్విన్స్ అయ్యాను. పేర్లు మాత్రం వాయిస్ నోట్ పెట్టు. "త్షస్కోవ్‌స్కి" దగ్గర నాకు టెన్షన్.

ఇంకో వాలంటీర్:
ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా వయొలినిస్ట్ అనే ఉందండి. పోస్టర్ మీద శాక్సోఫోన్ బొమ్మ వేస్తే తప్పు పట్టరా?

కల్చరల్ కమిటీ:
రెండూ వేయండి. 1969లో తిరిగొచ్చాక వయొలిన్ మళ్ళీ ముందుకొచ్చింది. 1971లో స్విట్జర్లాండ్‌లోని మోంత్రో జాజ్ ఉత్సవంలో ఉత్తమ సోలోయిస్ట్‌గా గ్రాండ్ ప్రీ, దాంతో పాటు బోస్టన్ బర్క్లీ కాలేజీకి స్కాలర్‌షిప్. 1973 సెప్టెంబర్ 11న దుజ్యాక్‌తో కలిసి అమెరికా వెళ్ళిపోయాడు, కానీ ఆ బర్క్లీలో చేరనే లేదు! త్వరలోనే కొలంబియా రికార్డ్స్‌తో ఒప్పందం, 1974లో "ఫ్యూజన్" ఆల్బమ్. ఇంత జరిగినా గాలి వాద్యాన్ని వదల్లేదు. శాక్సోఫోన్ లాగా ఊదే లిరికాన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం కూడా వాయించేవాడు.

ట్రెజరర్:
రికార్డింగులు ప్లే చేస్తే జైక్స్ (పోలండ్‌లో రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంఘం) లైసెన్స్ కావాలి. హాల్ వాళ్ళది మన కార్యక్రమానికి వర్తిస్తుందో లేదో ముందు కనుక్కోండి. తర్వాత బిల్లు వస్తే నేను కట్టను, ఇప్పుడే చెప్తున్నా.

కల్చరల్ కమిటీ:
అడుగుతానండి. రికార్డింగ్ రెండు చిన్న ముక్కలే. మిగతాదంతా లైవ్, అది కూడా జానపద బాణీ కాబట్టి రచయిత హక్కుల గొడవ ఉండదు. ఉర్బానియాక్ న్యూయార్క్‌కి మోసుకెళ్ళినవాటిలో పోలిష్ జానపద బాణీలూ ఉన్నాయి కదా. కుయావియాక్ అని ఒక నృత్యం ఉంది, నిదానంగా మూడు దెబ్బల లెక్కలో నడుస్తుంది. సంగీతం చదువుకుంటున్న పోలిష్ కుర్రాడు ఆల్టో శాక్సోఫోన్ మీద అది వాయిస్తాడు. తర్వాత మన వయొలిన్ అమ్మాయి అదే బాణీని తిశ్రంలో అందుకుంటుంది.

వయొలిన్ అమ్మాయి వాళ్ళ అమ్మ:
అన్నయ్యగారూ, శ్రుతి ఎంతండి? ఆ అబ్బాయి "సీ" అంటున్నాడు, మా పాప ఒకటి శ్రుతి అనుకుని తీగలు దించేసింది. ఇద్దరూ కలిసి వాయిస్తే వినలేకపోయాం.

కల్చరల్ కమిటీ:
ఆల్టో శాక్సోఫోన్ ఈ-ఫ్లాట్ వాద్యం అక్కా. అతను "సీ" అని వేలు పెడితే బయటికి వినిపించేది ఈ-ఫ్లాట్, అంటే మన లెక్కలో రెండున్నర శ్రుతి. పాపని రెండున్నరకి పెట్టుకోమనండి. వాళ్ళు తీసుకున్న బాణీ హార్మోనిక్ మైనర్ అనే పాశ్చాత్య స్కేల్‌లో ఉంది, స్వరాలు చూస్తే మన కీరవాణి రాగమే. గమకాలు మాత్రం మొదటి రౌండ్‌లో తగ్గించమనండి, బాణీ పోల్చుకోగలగాలి. రెండో రౌండ్ పూర్తిగా తన ఇష్టం.

సౌండ్:
శాక్సోఫోన్ గొట్టం మూతి లోపల మైక్ పెట్టొద్దు, స్వరాలు మీటల దగ్గరి రంధ్రాల్లోంచి కూడా వస్తాయి. ఒకటిన్నర అడుగు దూరంలో, గొట్టం అంచుకి కాస్త పైన మీటల వైపు చూపిస్తూ పెడతా. పాప కింద కూర్చుని వాయిస్తుంది కదా, పొట్టి స్టాండ్ కావాలి, ఎవరి దగ్గరైనా ఉందా? వేదిక మీద ఒక చిన్న బల్ల కూడా వేయాలి, లేకపోతే వెనక వరసలకి పాప తల తప్ప ఏం కనపడదు.

ఫుడ్ కమిటీ:
బల్ల మా దగ్గరుంది, జంపఖానా కూడా తెస్తాం. పులిహోర, బొబ్బట్లు ఈ అరగంట అయ్యాకే తీస్తాం. ఉగాది పచ్చడి మాత్రం ముందే ఇస్తున్నాం, వేపపువ్వు గురించి పోలిష్ వాళ్ళకి ఎవరైనా ముందే చెప్పండి బాబూ.

యాంకర్:
అది నేను చెప్తా. పిల్లలకి చివర్లో ఏమైనా ఉందా అన్నా?

కల్చరల్ కమిటీ:
దుజ్యాక్ పాడిన "పపాయా" ఉంది, 1976 నాటిది. మాటల్లేని పాట, ఏ భాష పిల్లలైనా ఎగరొచ్చు. 2007లో ఫిలిప్పీన్స్‌లో టీవీ షో పుణ్యమా అని అందరూ దీనికి డాన్స్ వేశారు. జైక్స్ సంగతి తేలాకే ఫైనల్ చేద్దాం. రిహార్సల్ శనివారం మధ్యాహ్నం, హాల్ తాళం నా దగ్గరే ఉంటుంది. పొట్టి స్టాండ్ ఉన్నవాళ్ళు ఇక్కడే చెప్పండి.