అప్‌డేట్: గరాజ్ డోర్ స్ప్రింగ్ చుట్టే పాత టూల్‌కి పార్టులు దొరికాయి

మూడు వారాల కిందట అడిగింది నేనే. డల్లాస్‌లో మా గరాజ్ తలుపు స్ప్రింగ్‌ని డ్రిల్‌తో చుట్టే టూల్ మధ్యలో జారిపోతోంది, దాని తయారీ ఆగిపోయింది, లోపలి గేర్ ఎక్కడ దొరుకుతుందని. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

"ముందు విప్పి చూడండి, బేరింగ్ మీద నంబర్ ఉంటుంది" అన్న సలహానే పనిచేసింది. విప్పితే గేర్ పళ్ళు చక్కగా ఉన్నాయి! తెగింది గేర్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే చిన్న కీ. అది 3/16 అంగుళాల చదరపు ఉక్కు ముక్క. హార్డ్‌వేర్ షాపులో కడ్డీ కొని, కోసి, ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టాను. బిగుసుకుపోయిన బేరింగ్ మీద గ్రీజు తుడిస్తే 6203 అని కనిపించింది. అంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. బేరింగుల షాపుల్లో మామూలుగా ఉండేదే. కంపెనీ పార్టు నంబర్ కోసం పాత కేటలాగులు వెతకాల్సిన అవసరమే లేకపోయింది.

గేర్‌ని 3డీ ప్రింట్ చేయించమన్నారు కొందరు. తలుపు చూడడానికి వచ్చిన మెకానిక్ గట్టిగా వద్దన్నారు. 7 అడుగుల ఎత్తు తలుపుకి స్ప్రింగ్‌ని దాదాపు ఏడున్నర చుట్లు చుట్టాలి, ఆ బలాన్ని ప్లాస్టిక్ పళ్ళకి అప్పగించలేం. మీ టూల్ బాడీకి పగులుంటే మాత్రం పార్టులు వెతక్కండి, పక్కన పడేయండి. అప్పుడు చేత్తో చుట్టాలంటే, స్ప్రింగ్ చివర ఉండే లోహపు ముక్క (కోన్) రంధ్రాలకి సరిగ్గా సరిపోయే ఉక్కు కడ్డీలు, అంటే వైండింగ్ బార్లు, వాడండి (మాకు అర అంగుళంవి). దయచేసి స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టకండి.