మొదటి ఉద్యోగం మారుతున్నాను: పీఎఫ్ తీసుకోవాలా, బదిలీ చేసుకోవాలా?

ప్రశ్న: హైదరాబాదులో 4 ఏళ్లు పనిచేసిన కంపెనీ వదిలి వచ్చే నెల మరో కంపెనీలో చేరుతున్నాను. పాస్‌బుక్‌లో నా వాటా, కంపెనీ వాటా కలిపి సుమారు 2 లక్షలున్నాయి. అవి తీసి బంగారం కొనుక్కోమని మా అమ్మ అంటోంది. పెళ్లయినా కాకపోయినా నా ఖర్చుకు ఎవరి ముందూ చేయి చాచకూడదన్నది నా పట్టుదల. ఏం చేయమంటారు?

జవాబు: తీయకండమ్మా, బదిలీ చేసుకోండి. పీఎఫ్ ఉన్న మరో ఉద్యోగంలో వెంటనే చేరేవారు ఖాతా ముగించి మొత్తం తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అయినా అప్పట్లో నడుమ రెండు నెలలు ఖాళీ ఉంచుకుని మరీ తీసుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఆ డబ్బుతో కొన్న బండి ఆరేళ్లకే తుక్కు కింద పోయింది, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. 2024-25కు ప్రకటించిన వడ్డీ 8.25 శాతం, అదే రేటు కొనసాగితే మీ 2 లక్షలు, మరో రూపాయి కలపకపోయినా, 25 ఏళ్లకు 14 లక్షలు దాటుతాయి. పైగా 5 ఏళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. బదిలీ చేసుకుంటే పాత 4 ఏళ్లూ లెక్కలోకి వస్తాయి, పింఛనుకు కావలసిన 10 ఏళ్లలోనూ కలుస్తాయి.

మళ్లీ ప్రశ్న: కొత్త కంపెనీలో బేసిక్ (మూల వేతనం) 25,000. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద నెలకు 3,000 కడతారా, తప్పనిసరి కోతకు ఉన్న 15,000 జీతం పరిమితి మీద 1,800 కడితే సరిపోతుందా అని అడుగుతున్నారు. 1,800 అంటే చేతికి ఎక్కువ వస్తుంది కదా?

జవాబు: మిగిలే 1,200 జీతం పడిన రోజునే సిప్‌లోకి (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పొదుపు) వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోగలిగితే ఆలోచించవచ్చు, లేదంటే పూర్తి బేసిక్ మీదే కట్టండి. చేతికొచ్చిన చిన్న మొత్తం నెలాఖరుకు కనిపించదు. అయితే అంతకన్నా ముందు కనీసం మూడు నెలల ఖర్చు పొదుపు ఖాతాలో విడిగా ఉండాలి. అది లేనివారే ఆపదొచ్చినప్పుడు పీఎఫ్ మీద చేయి వేస్తారు.

యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ సభ్యత్వ సంఖ్య) పాతదే ఇవ్వండి, కొత్తది తీసుకోవద్దు. మన ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగానూ పీఎఫ్‌లో ఒక్క అక్షరంగానూ ఉండి బదిలీ ఆగిపోవడం నేను తరచూ చూస్తున్నాను కనుక, పాత కంపెనీ వదలకముందే పేరు, పుట్టిన తేదీ రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. వాళ్లు మీ ఆఖరి పనిదినం నమోదు చేశారో లేదో కూడా కనుక్కోండి.